సిక్కోలులో ప్రైడ్ చేసుకోవడం ఎలా: వనభోజనం నుంచి సచివాలయం దాకా

గే, ట్రాన్స్ వాళ్ళు తలెత్తుకుని నడిచే ఊరేగింపు ఉంటుంది కదా, ఆ హైదరాబాద్ ప్రైడ్ వాక్ ఫొటోలు ఇన్‌స్టాలో చూసి "అన్నా, మన ఊర్లో కూడా ఒకటి చేద్దాం" అని ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు. నాది శ్రీకాకుళంలో చిన్న జెరాక్స్, డీటీపీ షాపు, పెన్షన్ దరఖాస్తుల నుంచి పెళ్లి కార్డుల దాకా అన్నీ ఇక్కడే టైపవుతాయి, అంచేత ఎవరి కష్టం ఏ కాగితం దగ్గర ఆగిపోయిందో నాకు కాస్త తెలుసు. నువ్వు గేనా, లేక వాళ్ళ ఫ్రెండువా అని అడక్కండి. చెప్పడం చెప్పకపోవడం నా ఇష్టం, ఈ గైడ్‌లో మొదటి రూలు కూడా అదే.

హైదరాబాద్‌లో 2013లో మొదలెట్టారు ప్రైడ్ వాక్. అంత జనంలో ముఖానికి మాస్కు పెట్టుకుని నడిచేస్తే ఎవరికీ తెలీదు. మనకి అలా కుదరదు కదా, ఏడు రోడ్ల కూడలిలో రంగుల జెండా పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడండి, ఆరో నిమిషానికి ఆమదాలవలసలో ఉన్న మీ మేనమావకి ఫోన్ ఎల్లిపోద్ది. ఇజీనారంలో గంటస్తంభం దగ్గరైనా ఇదే కథ. అందుకే మన దగ్గర వరస మార్చాలి: ముందు నలుగురు భయం లేకుండా కూర్చునే చోటు, తర్వాత కాగితాలు, ఊరేగింపు ఎప్పుడో ఓపిక, మంది ఉన్నప్పుడు. నేను కూడా ఆ వరసలోనే రాస్తున్నా.

మొదట మాటలు సరిచేసుకోండి

పేపర్లవాళ్ళు "స్వలింగ సంపర్కులు" అని రాస్తారు, ఆ మాట వింటే మనిషి కాదు పడక గుర్తొస్తుంది ఎవరికైనా. గే, లెస్బియన్, బై, ట్రాన్స్ అనే మాటలు ఇప్పుడు మన కుర్రాళ్ళందరికీ తెలుసు, అవే వాడండి, అన్నీ కలిపి చెప్పాలంటే క్వీర్ అనండి. కొజ్జా, పేడి, పాయింట్ ఫైవ్ లాంటివి సరదాకి కూడా వద్దు, మీ ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరో ఒకడు అవి విని నవ్వినట్టు నటిస్తూ ఉంటాడు, వాడెవడో మీకు తెలీదు అంతే. హిజ్రా అన్న మాట వాళ్ళు తమకి తాము వాడుకునేదే కానీ ముఖం మీద పిలవడానికి కాదు, "అక్కా" అనో "అమ్మా" అనో పిలవండి, మన వైపు ఎవరినైనా పిలిచేది అలాగే కదా.

ఇంకొకటి, గే వేరు ట్రాన్స్ వేరు. ఎవరిని ఇష్టపడతావు అన్నది (గే, లెస్బియన్) ఒకటి, నువ్వు ఆడా, మగా, ఎవరివి అన్నది (ట్రాన్స్) ఇంకొకటి. "ఆ గుంటడేటి ఆడపిల్లలా నడుస్తాడు" అని మనోళ్ళు రెండూ కలిపేసి మాట్లాడతారు, పోగ్రాం పెట్టేవాళ్ళు మాత్రం కలపకూడదు, ఎందుకంటే చట్టంలో ఎవరికి ఏముందో కూడా దీన్ని బట్టే మారుతుంది.

మనుషుల్ని పోగెయ్యడం

పది మందితో మొదలెట్టండి చాలు. 1999 జులై 2న కోల్‌కతాలో మన దేశంలో మొట్టమొదటి ప్రైడ్ నడక నడిచినప్పుడు కూడా పదిహేను మంది అటూ ఇటూగానే ఉన్నారు, దానికి ఫ్రెండ్‌షిప్ వాక్ అని పేరు పెట్టుకున్నారు, పసుపు రంగు టీషర్టులు వేసుకుని నడిచారు.

వాట్సాప్ గ్రూపు పెట్టకండి. గ్రూపులో ఎవరి నంబరైనా అందరికీ కనిపిస్తుంది, ఒక్కడు ఫోను తమ్ముడికి ఇచ్చి గేమ్ ఆడుకోమంటే అయిపోయింది. ఒకళ్ళు ఇద్దరికి చెప్పడం, ఆ ఇద్దరు తమకి నమ్మకం ఉన్న ఇద్దరికి చెప్పడం, ఇలా గొలుసులాగా పోవాలి. గ్రూపు లేకపోతే కుదరదు అంటారా, పేరైనా మామూలుది పెట్టండి, మాకొక గ్రూపు ఉంది దాని పేరు పలాస జీడిపప్పు, అప్పుడప్పుడు ఎవరో నిజంగానే కిలో ఎంత అని అడుగుతారు.

18 ఏళ్ళు నిండనివాళ్ళని పిలవకండి. మనసు ఒప్పదు, ఎందుకంటే ఎక్కువ అల్లాడేది ఆ ఇంటర్ పిల్లలే, కానీ రేపు పొద్దున్న వాళ్ళ నాన్న స్టేషన్‌కి వెళ్తే అందరూ ఇరుక్కుంటారు. వాళ్ళకి 14416 నంబరు ఇవ్వండి, టెలిమానస్ అంటారు, మనసు బాధ చెప్పుకునే హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ట్రాన్స్ అక్కల్ని పిలవాలంటే నేరుగా వాళ్ళ గురువు దగ్గరికి వెళ్ళి అడగండి. వాళ్ళకంటూ గురువు, చేలా (అంటే శిష్యురాలు) అని ఒక కుటుంబం ఉంటుంది, పెద్దావిడకి చెప్పకుండా చిన్నవాళ్ళని పిలిస్తే మనింట్లో పెళ్లికి అమ్మానాన్నల్ని వదిలేసి పిల్లల్ని పిలిచినట్టే. పిలిచాక డాన్స్ చెయ్యమని మాత్రం అడక్కండి బాబూ. మనలాంటి దాక్కున్నవాళ్ళ కంటే ముందు నుంచీ రోడ్డు మీద కనిపిస్తూ దెబ్బలు తిన్నది వాళ్ళు, మొదటి కుర్చీ వాళ్ళకే వెయ్యాలి.

ఏ రోజు పెట్టుకోవాలి

ప్రపంచమంతా జూన్‌లో చేస్తారు. 1969 జూన్ 28 తెల్లవారుజామున న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే బార్ మీద పోలీసులు రెయిడ్ చేస్తే లోపలున్నవాళ్ళు ఎప్పట్లా తలొంచుకుని వ్యాన్ ఎక్కకుండా తిరగబడ్డారు, మరుసటి ఏడాది అదే రోజు ఊరేగింపు తీశారు, అప్పట్నుంచీ జూన్ అయింది. మనకి జూన్ అంటే ఒకపక్క ఉక్క, ఇంకోపక్క ఎప్పుడు పడుతుందో తెలీని వాన, పిల్లల స్కూలు ఫీజులు. సెప్టెంబర్ 6 మంచి రోజే, 2018లో సుప్రీంకోర్టు, గే సంబంధాల్ని నేరంగా చూసే 377 సెక్షన్‌ని పెద్దల ఇష్టపూర్వక సంబంధాల నుంచి తీసేసిన రోజు, కానీ వినాయక చవితి అటూ ఇటూగా వస్తుంది, పోలీసోళ్ళకి మండపాలే సరిపోతాయి.

నా ఓటు కార్తీకమాసానికి. ఎందుకో చెప్తా. కార్తీకంలో ఏ ఆదివారమైనా ముప్పై మంది గిన్నెలు, బకెట్లు పట్టుకుని ఆటోల్లో తోటకి వెళ్తుంటే ఎవడూ తల తిప్పి చూడడు. ఇంట్లో "ఎక్కడికిరా" అంటే "వనభోజనాలకి" అంటే అయిపోయింది, అబద్ధం కూడా కాదు. మనోళ్ళు ఇప్పుడు వనభోజనాలు కూడా కులాలవారీగా పెట్టుకుంటున్నారు, ఫలానా సంక్షేమ సంఘం అని ఫ్లెక్సీ కట్టి మరీ, ఇంటిపేరు అడక్కుండా పక్కపక్కన ఆకు వేసే ఒకే ఒక్క వనభోజనం మాదే అని మా వాళ్ళు జోకులేస్తుంటారు. తుఫాన్లు మాత్రం చూసుకోండి, అక్టోబర్ నవంబర్‌లలో మన తీరానికి అవి చుట్టాలు, 2018లో తిత్లీ వచ్చి పలాస, ఉద్దానం తోటలన్నీ పడగొట్టింది గుర్తుందిగా, కాబట్టి ఇంకో ఆదివారం కూడా చేతిలో పెట్టుకోండి.

జెండా

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ ఇంట్లో ఎవరు విప్పుతారో తెలీదు, ఇక్కడే కుట్టించుకోండి. ఆరు రంగుల శాటిన్ గుడ్డ, తలా అర మీటరు. పై నుంచి వరస: ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఇది కాగితం మీద రాసి టైలర్‌కి ఇవ్వండి, లేకపోతే ఆయనకి ఏది అందంగా ఉంటే అది పైన వేస్తాడు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ మొదట కుట్టినప్పుడు ఎనిమిది రంగులుండేవి, ముదురు గులాబీ గుడ్డ దొరకడం కష్టమై అది తీసేశారు, తర్వాత ఇంకోటి కూడా తగ్గి ఆరయ్యాయి. గుడ్డ దొరక్క మారిన జెండా అంటే మా టైలర్ మావ తెగ నవ్వాడు, "ఆడా ఇదే బాధేటి" అన్నాడు. ఏంటిది అని అడిగితే ఫంక్షన్ డెకరేషన్ అని చెప్పా, అది కూడా అబద్ధం కాదు.

ఆ రోజు

తోట రోడ్డు నుంచి కనబడకూడదు కానీ ఆటో వెళ్ళేలా ఉండాలి, నీళ్ళు, బాత్రూమ్ ఉండాలి. బాత్రూమ్ గురించి మగవాళ్ళు ఆలోచించరు, ట్రాన్స్ అక్కలు వచ్చే ముందు మొదట అడిగేది అదే. తోట ఓనరుకి ఎంతమంది, ఎప్పుడు వెళ్ళిపోతారు అన్నది స్పష్టంగా చెప్పండి. కళింగపట్నం బీచ్, బారువ బీచ్ అని కొందరంటారు, ఆదివారం అక్కడ సగం ఊరు ఉంటుంది, వద్దు.

వంట అరిటాకులో పులిహోర, పప్పు, గుత్తొంకాయ, పెరుగన్నం. తలకి 150 వేసుకుంటే వచ్చేస్తుంది, లేనివాళ్ళ దగ్గర అడక్కండి, ఉన్నవాళ్ళు ఇద్దరివి ఇస్తారు.

ఫొటోల విషయం గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే తప్పు చేసింది నేనే. మొదటి ఏడాది అందరం తింటున్నప్పుడు ఆకుల ఫొటో ఒకటి తీసి స్టేటస్ పెట్టా, మనుషులెవరూ లేరు అనుకున్నా. ఒక మూలకి ఒక కుర్రాడి చెయ్యి, దానికి వాళ్ళ అక్క ఇచ్చిన వాచీ. వాళ్ళ బావ నా కస్టమరే, స్టేటస్ చూశాడు, వాచీ గుర్తుపట్టాడు, పక్కనే రంగుల జెండా కొస కనిపిస్తోంది. వాళ్ళింట్లో ఆ రాత్రి ఏం జరిగిందో అతను చెప్పలేదు, నేను అడగలేదు, మూడు నెలలు షాపు వైపు రాలేదు. అప్పట్నుంచీ గేటు దగ్గర ఒక వెదురుబుట్ట పెట్టి ఫోన్లన్నీ అందులో వేయిస్తున్నాం. ఒక్క ఫోను మాత్రం అర్జెంటు కాల్స్ కోసం బయట ఉంటుంది. ఫొటో కావాలంటే జెండాది తియ్యండి, భోజనం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక.

పరిచయాలప్పుడు ఏ పేరుతో పిలవాలో వాళ్ళే చెప్తారు, ఊరు, ఉద్యోగం, ఇంటిపేరు అడగొద్దు. అంత్యాక్షరి పెట్టుకోండి, తంబోలా పెట్టుకోండి. స్పీచులు పది నిమిషాలు దాటనివ్వకండి, ఏడాదంతా నోరు మూసుకుని ఉన్నవాళ్ళు అక్కడికొచ్చేది వినడానికి కాదు.

కాగితాల బల్ల

నా దృష్టిలో అసలు ప్రైడ్ ఇది. భోజనం అయ్యాక చెట్టు కింద ఒక టేబుల్, లాప్‌టాప్, తెలిసిన లాయర్ ఒకరు ఉంటే ఇంకా మంచిది.

ట్రాన్స్ వాళ్ళకి ముందు కావలసింది కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, ఐడీ కార్డు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు వీళ్ళకి గుర్తింపు ఇచ్చింది, 2019లో చట్టం వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమల్లో ఉంది. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ నేషనల్ పోర్టల్‌లో ఆన్‌లైన్లోనే. రూల్స్ మధ్యలో మారుస్తుంటారు కాబట్టి పాత యూట్యూబ్ వీడియో చూసి కాగితాలు సిద్ధం చేసుకోకండి, అప్లై చేసే రోజు పోర్టల్‌లో ఏం అడుగుతుందో అదే చూడండి. నేను చూసినంతలో పని ఆగిపోయేది ఎక్కువగా పేరు స్పెల్లింగ్ దగ్గరే, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఇంకోటి, బ్యాంకులో మూడోది, అఫిడవిట్‌లో ఇవన్నీ ఒకే మనిషివి అని రాయించి నోటరీ చేయించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. కొర్రీ పడితే జిల్లాలో విభిన్న ప్రతిభావంతులు, ట్రాన్స్‌జెండర్లు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసు ఉంటుంది, అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టర్ అర్జీలు తీసుకునే రోజు వెళ్ళి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా తిరిగి రావద్దు.

ఆ కార్డు చేతికొచ్చాక పెన్షన్. ఎన్టీఆర్ భరోసాలో ట్రాన్స్‌జెండర్లకి 2024 జులై నుంచి నెలకి 4000. దరఖాస్తు సచివాలయంలోనే, కొత్తవి ఎప్పుడు తీసుకుంటున్నారో అడుగుతూ ఉండాలి. ఆధార్‌లో, పాన్ కార్డులో ట్రాన్స్‌జెండర్ అని, ఓటరు కార్డులో థర్డ్ జెండర్ అని పెట్టుకునే వీలుంది.

గే, లెస్బియన్ జంటలకి పెళ్లి లేదు, అది ముందే చెప్పేస్తున్నా, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కానీ పూర్తిగా చేతులు ఖాళీగా లేవు. 2024 ఆగస్టులో ఆర్థికశాఖ బ్యాంకులకి స్పష్టం చేసింది, ఇద్దరూ జాయింట్ అకౌంట్ తెరుచుకోవచ్చు, ఒకళ్ళని ఒకళ్ళు నామినీ పెట్టుకోవచ్చు. మేనేజర్ "ఏం చుట్టరికం" అని అడిగితే తడబడకండి, జాయింట్ అకౌంట్‌కి చుట్టరికం అక్కర్లేదు. రేషన్ కార్డు విషయంలో కూడా ఒకే ఇంటివాళ్ళుగా చూడమని కేంద్రం రాష్ట్రాలకి రాసింది, కిందిస్థాయిలో ఎవరూ ఆ కాగితం చూసి ఉండరు, ప్రింటు తీసుకుని వెళ్ళండి. అన్నిటికంటే ముఖ్యం వీలునామా. వారసత్వ చట్టంలో మీ పార్ట్‌నర్ ఎవరూ కారు, రేపు మీకేమైనా అయితే పదేళ్ళు మాట్లాడని అన్నయ్య వచ్చి తాళం వేస్తాడు. ఇద్దరు సాక్షుల సంతకాలతో తెల్ల కాగితం మీద రాసినా వీలునామా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ చేయిస్తే ఇంకా గట్టి.

బ్లాక్‌మెయిల్ గురించి కూడా ఆ టేబుల్ దగ్గరే చెప్పండి. యాప్‌లో పరిచయమై, రమ్మని పిలిచి, వీడియో తీసి డబ్బులడిగేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. "377 కేసు పెడతాం" అంటారు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు ఆ సెక్షనే లేదు. ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు, ఇవ్వకండి, చాట్లు డిలీట్ చెయ్యకుండా ఉంచండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఇంట్లో

ఒకమ్మ నా షాపుకే వచ్చి అడిగింది, "బావూ, ఇశాపట్నంలో పెద్ద డాక్టరుకి సూపిస్తే మావోడికి నయమైపోద్దంటావా?" నాకు వెంటనే ఏం చెప్పాలో తెలీలేదు. తర్వాత నేర్చుకున్నా. వాదన పెట్టకూడదు, కుర్చీ వెయ్యాలి, మజ్జిగ ఇవ్వాలి. ఆ తర్వాత చెప్పాలి: అమ్మా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే గేగా ఉండడాన్ని జబ్బుల లిస్టులోంచి తీసేసింది, జబ్బే కాదన్నప్పుడు మందేటి. ఇది మారుస్తామని ట్రీట్‌మెంట్ చెయ్యడం డాక్టర్లకి వృత్తిపరమైన తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. ఎవరైనా మారుస్తామని డబ్బులు అడిగితే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకు. ఆవిడ అంతా విని "మరి పెళ్లి?" అంది.

అక్కడే ఉంటుంది అసలు కథంతా. మన వైపు పెళ్లి చేస్తే కుదురుకుంటాడు అని గట్టి నమ్మకం. ఆవిడకి కూతురుందని తెలుసు, అందుకే "మీ అమ్మాయిని ఇలాంటి కుర్రాడికిచ్చి చేస్తావా అమ్మా" అని అడిగా. చాలాసేపు మాట్లాడలేదు. సంబంధాలు చూస్తున్న ప్రతి తల్లికీ నేను ఇప్పుడు ఇదే ప్రశ్న వేస్తా, లెక్చర్ కంటే బాగా పనిచేస్తుంది. ఒక్కరోజులో ఒప్పుకోవాలని పిల్లలు కూడా తొందరపడకూడదు, నీకు తెలిసి రావడానికి పదేళ్ళు పట్టింది, అమ్మకి పది రోజులైనా ఇవ్వు. చేతిలో ఉద్యోగం, తల దాచుకోడానికి ఒక చోటు లేకుండా మాత్రం ఇంట్లో చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వను, ధైర్యం అని ఎవరు ఎంత పొగిడినా సరే.

ఇంట్లో పెట్టి తాళం వేస్తే అది వేరే సంగతి. 2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తండ్రి ఇంట్లో కట్టడిలో ఉన్న ఒక అమ్మాయి కేసులో, ఆమె మేజర్, తన పార్ట్‌నర్‌తో కలిసి ఉండొచ్చు అని తేల్చి చెప్పింది. అంత దూరం వెళ్ళే ముందు పోలీసులకి 112, ఆడపిల్లలైతే మహిళా హెల్ప్‌లైన్ 181, లాయరుకి డబ్బులు లేకపోతే 15100 నంబర్లకి ఫోన్ చెయ్యండి, జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది.

బయటివాళ్ళు ఏం చెయ్యొచ్చు

లెక్చరర్లకి ఒక మాట. క్లాసులో ఎవడైనా ఇంకొకడిని ఆడంగి అని ఏడిపిస్తే అది అల్లరి కాదు, యూజీసీ 2016లోనే దాన్ని ర్యాగింగ్ లెక్కలో చేర్చింది, 1800-180-5522కి పిల్లలే ఫోన్ చెయ్యొచ్చు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు అద్దె టైముకి వస్తోందా అన్నది చూసుకుంటే చాలు. షాపు ఓనర్లు ట్రాన్స్ అక్కలకి పది రూపాయలిచ్చి పంపడం కాదు, ఒక్కళ్ళకి కౌంటర్ దగ్గర పని ఇచ్చి చూడండి, మొదటి వారం జనం చూస్తారు, రెండో వారం చిల్లర సరిగ్గా ఇచ్చిందా లేదా అన్నదే చూస్తారు. మా షాపులో లామినేషన్ మెషిన్ దగ్గర అలాగే అయింది.

రోడ్డు మీద చెయ్యాలనుకుంటే

మంది యాభై దాటి, ముఖం చూపించడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు కనీసం పదిహేను మంది ఉంటేనే. పది పదిహేను రోజుల ముందు డీఎస్పీ ఆఫీసులో అర్జీ ఇవ్వండి: తేదీ, టైము, ఏ రోడ్డు, ఎంతమంది, బాధ్యుల పేర్లు, ఫోన్లు. మన జిల్లాల్లో ఊరేగింపుల మీద పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 అమల్లో ఉందంటూ తరచూ ఆంక్షలుంటాయి, పర్మిషన్ కాగితం జేబులో లేకుండా కదలొద్దు. మైకుకి వేరే పర్మిషన్. ఇజీనారంలో అయితే పైడితల్లమ్మ సిరిమాను రోజులకి దూరంగా పెట్టుకోండి, లక్షల మంది జనం మధ్యలో మీ యాభై మంది ఎవరికీ కనబడరు, పోలీసులకి ఖాళీ ఉండదు. పొద్దున్న ఏడు గంటలకి, కిలోమీటరు లోపు నడక, చివర టిఫిన్. రాని వాళ్ళని ఎందుకు రాలేదని అడగొద్దు, కిటికీలోంచి చూసినా వచ్చినట్టే.

అయిపోయాక

తోట శుభ్రం చెయ్యండి, వంటావిడకి అదే రోజు డబ్బులిచ్చెయ్యండి, వచ్చే ఏడాది ఆవిడే మీకు సాక్షి. అందరూ ఇంటికి చేరారో లేదో రాత్రి తొమ్మిదిలోపు ఫోన్లు. టేబుల్ దగ్గర ఎంతమంది ఫారాలు సగంలో ఆగాయో ఒక నోటుబుక్కులో రాసుకోండి, పేర్లు వద్దు, నంబర్లు వెయ్యండి చాలు. పోయిన కార్తీకంలో మావి పదకొండు ఆగాయి, ఏడు అయ్యాయి, నాలుగు ఇంకా స్పెల్లింగ్ దగ్గరే ఉన్నాయి. జెండా శాటిన్ కదా, చేత్తో చల్లనీళ్ళలో ఉతికి నీడలో ఆరబెట్టండి, ఎరుపు రంగు దిగుతుంది.